తొలి పిస్తోలు కొనే ముందు పది మీటర్ల చోటు చూడాలి

నర్సీపట్నం: గురి చూచి కాల్చే పోటీల పట్ల మన ప్రాంతపు పిల్లల్లో ఆసక్తి కలగడం సంతోషించదగిన విషయమే. 2024 జూలై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో కాంస్య పతకం గెలుచుకున్నది. రెండు రోజుల తరువాత సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో మరో కాంస్యం సాధించింది. అంతకు ముందు ఏడాది, 2023లో చైనాలోని హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ పతకాలు చూచిన పిల్లలు ఇంట్లో పెద్దలను పిస్తోలు కొనిపెట్టమని అడగడం సహజం. ఏది కొనాలో తెలియక పెద్దలు తికమకపడడమూ అంతే సహజం.

అయితే ఈ వ్యవహారం క్రికెట్ బ్యాటు కొన్నంత తేలికైనది కాదు. పోటీల్లో వాడే విదేశీ ఎయిర్ పిస్తోలు ధర లక్ష రూపాయలు దాటుతుంది. చెరకు బిల్లు మీదనో, జీడిమామిడి పంట మీదనో సంవత్సరమంతా నెట్టుకు వచ్చే కుటుంబానికి లక్ష రూపాయలంటే ఒక ఆడపిల్ల కాలేజీ చదువు. పైగా తుపాకి అనే మాట వినగానే పోలీసు, లైసెన్సు, కేసు గుర్తుకు వచ్చే ప్రాంతం మనది. అందువల్ల కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అన్నింటి కంటె ముందు చెప్పవలసినది ఒకటే. ఏ పిస్తోలు కొనాలి అన్నది రెండవ ప్రశ్న. దానిని రోజూ ఎక్కడ కాల్చాలి, ఎవరి పర్యవేక్షణలో కాల్చాలి అన్నది మొదటి ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా రెండవ దానికి డబ్బు పెట్టిన ఇంట పిస్తోలు ఆరు నెలలకే బీరువాలో చేరుతుంది.

చట్టం ఏమంటున్నది?

పిస్తోళ్లన్నింటికీ ఒకే చట్టం వర్తిస్తుందన్న అపోహ చాలామందిలో ఉన్నది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, గుండు వెలువడే శక్తి 20 జౌళ్లకు మించకుండా ఉన్న గాలి తుపాకులకు లైసెన్సు అవసరం లేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్తోలు ఈ హద్దులకు చాలా లోపలే ఉంటుంది. అర గ్రాము సీసపు గుండు సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి ఆరు జౌళ్లకు కూడా చేరదు.

మందు తూటాతో పేలే .22 పిస్తోలు సంగతి వేరు. 25 మీటర్ల పోటీల్లో వాడేది అదే. దానికి లైసెన్సు తప్పనిసరి. సాధారణంగా 21 సంవత్సరాలు నిండనిదే లైసెన్సు రాదు. కాబట్టి కొత్తగా నేర్చుకొనే వారికి .22 పిస్తోలు ప్రసక్తే అక్కరలేదు. ఈషా సింగ్ వంటి వారు నేడు 25 మీటర్ల పోటీల్లో రాణిస్తున్నా, 2018లో పదమూడేళ్ల వయసులో ఆమె జాతీయ చాంపియన్ అయినది ఎయిర్ పిస్తోలుతోనే.

లైసెన్సు అక్కరలేదు కదా అని చేతిలో పట్టుకొని తిరగవచ్చునని అర్థం కాదు. దూరం నుండి చూచే వానికి గాలి పిస్తోలుకు, నిజం పిస్తోలుకు తేడా తెలియదు. కొన్న రసీదు, గుర్తింపు కార్డు నకలు పెట్టెలో ఉంచుకోవాలి. ప్రయాణంలో పిస్తోలును తాళం వేసిన పెట్టెలోనే పెట్టాలి. బస్సులో పెట్టె తెరచి స్నేహితులకు చూపించరాదు.

మూడు రకాలు

మార్కెట్టులో దొరికే గాలి పిస్తోళ్లను కొత్తవారు మూడు రకాలుగా గుర్తుంచుకుంటే చాలును.

మొదటిది స్ప్రింగు పిస్తోలు. మన తీర్థాల్లో బుడగల కొట్టు దగ్గర ఉండే తుపాకి ఈ జాతిదే. గొట్టాన్ని వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కగానే అది విడుదలై గాలిని తోస్తుంది. ధర తక్కువ, మరమ్మతు తేలిక. అయితే గుండు గొట్టం దాటక ముందే లోపలి బరువు కదలి పిస్తోలు అదురుతుంది. దానితో ప్రాథమిక పాఠాలు నేర్చుకోవచ్చును గాని పోటీలో నిలదొక్కుకోవడం కష్టం.

రెండవది ఒక్క తోపుతో గాలి నింపుకొనే పిస్తోలు. ప్రతి గుండుకూ ఒక మారు మీట లాగి మూయాలి. అదురు దాదాపు ఉండదు. సిలిండరు లేదు, బయటి నుండి గాలి నింపించుకొనే పని లేదు. రష్యాలోని ఇఝెవ్‌స్క్‌లో తయారయిన బైకాల్ 46 రకం ఈ కోవలో ప్రపంచమంతటా కొత్తవారికి తొలి పిస్తోలుగా పేరు తెచ్చుకున్నది. దీనికున్న ఇబ్బంది ఒకటే. పోటీలో 60 గుండ్లు కాల్చాలంటే 60 మార్లు ఆ మీట బలంగా లాగాలి. పన్నెండేళ్ల పిల్లవాని చెయ్యి త్వరగా అలసిపోతుంది.

మూడవది సిలిండరు పిస్తోలు. గొట్టం కింద ఉండే చిన్న సిలిండరులో 200 బార్ల ఒత్తిడి వరకు గాలి నింపుతారు. నేటి అంతర్జాతీయ పోటీల్లో కనిపించేవి దాదాపు అన్నీ ఇవే. స్విట్జర్లాండు మోరిని, ఆస్ట్రియా స్టెయిర్, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఇటలీ పార్దీని కంపెనీల పేర్లు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. మంచి పిస్తోళ్లనడంలో సందేహం లేదు. కాని ఆ సిలిండరులో పొడి గాలి ఎవరు నింపాలి? చేతి పంపు కొనాలి, లేదా పెద్ద సిలిండరు ఏర్పాటు చేసుకోవాలి. సైకిలు షాపులో నింపే గాలి దీనికి పనికిరాదు.

ఇవి గాక అచ్చం పోలీసు పిస్తోలు మాదిరిగా ఉండి ఇనుప గుండ్లు వదిలే బొమ్మ జాతివి కూడా అమ్ముతుంటారు. పోటీలకు అవి పనికిరావు. ఇనుప గుండు గోడకు తగిలి వెనుకకు తిరిగి కంటికి తగిలే ప్రమాదం ఉన్నది. వాటి జోలికి పోకుండడమే మేలు.

చేతికి సరిపోవాలి

చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తాము. పిస్తోలు పిడి కూడా అంతే. పిళ్లు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడిచేతి వారికి, ఎడమచేతి వారికి వేరువేరుగా వస్తాయి. అరచేతికి, పిడికి మధ్య సందు ఉండరాదు. చూపుడు వేలు మొదటి కణుపు మీట మీద తిన్నగా ఆనాలి. పిడి మణికట్టును చుట్టుకొని ఆసరా ఇచ్చేదిగా ఉంటే పోటీ నిబంధనలు ఒప్పుకోవు.

ఏ కన్నుతో గురి చూడాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రెండు చేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరచి దూరంగా ఉన్న ఒక వస్తువును ఆ సందులోంచి చూడాలి. తరువాత ఒక్కొక్క కన్నూ మూసి చూడాలి. ఏ కన్ను తెరచి ఉంచినప్పుడు వస్తువు ఆ సందులోనే ఉంటుందో ఆ కన్నుదే పెత్తనం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇక బరువు. నిబంధనల ప్రకారం పిస్తోలు కిలోన్నరకు మించరాదు. చాలా పిస్తోళ్లు కిలోకు అటూ ఇటూగా ఉంటాయి. ఒక్క చేతితోనే ఎత్తి పట్టుకోవాలి, రెండవ చేతి ఆసరా కూడదు. కొనాలనుకొనే పిల్లవాడు ముందుగా లీటరు నీళ్ల సీసాను చెయ్యి చాచి భుజం ఎత్తున పది సెకన్లు పట్టుకొని, దించి, మరల ఎత్తి, అరవై మార్లు చేసి చూడాలి. నెల రోజులు విసుగు లేకుండా ఇది చేయగలిగితే అతనిలో నిజమైన కోరిక ఉన్నదని పెద్దలు నమ్మవచ్చును.

మీట బరువు 500 గ్రాములకు తగ్గరాదని ఎయిర్ పిస్తోలు నిబంధన. పోటీకి ముందు అధికారులు అరకిలో తూకాన్ని మీటకు తగిలించి పిస్తోలును పైకి ఎత్తి చూస్తారు. మీట ఆ బరువు మోయలేక జారిపోతే ఆ పిస్తోలును పోటీకి అనుమతించరు. పాత పిస్తోలు కొనేవారు అమ్మేవాని ఎదుటే ఈ పరీక్ష చేయించాలి. పిస్తోలు మొత్తం 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు గల పెట్టెలో పట్టాలన్న నిబంధన కూడా ఉన్నది.

గురి తప్పేది పిస్తోలా, చెయ్యా?

ఖరీదైన పిస్తోలు ఉంటే మార్కులు వాటంతట అవే వస్తాయన్న భ్రమ తల్లిదండ్రుల్లో ఉండవచ్చును. చిన్న లెక్కతో ఇది తేలిపోతుంది. పది మీటర్ల దూరంలో ఉండే లక్ష్యంలో పది మార్కుల వలయం అడ్డు కొలత 11.5 మిల్లీమీటర్లు. అంటే రూపాయి బిళ్లలో సుమారు సగం. పిస్తోలు మీది ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ రెంటి వరుస ఒక్క మిల్లీమీటరు తప్పితే, లక్ష్యం దగ్గర గుండు 31 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది. ఆ మిల్లీమీటరు తప్పు మణికట్టుది, మీటను కుదిపిన వేలుది, ఊపిరి పట్టడం తెలియని గుండెది. రెండు లక్షల పిస్తోలు కూడా దానిని సరిచేయలేదు.

అందువల్ల తొలి ఆరు నెలలూ ఎవరిదైనా పిస్తోలుతో నేర్చుకోవడమే మంచిది. పది గుండ్లకు వంద మార్కులు గదా, అందులో 85 వరకు నిలకడగా వచ్చేంత వరకు సొంత పిస్తోలు వల్ల పెద్ద తేడా కనిపించదు. ఆ స్థాయి దాటిన తరువాత పిడి, మీట, బరువు తనకు ఎలా కావాలో పిల్లవానికే తెలుస్తుంది. అప్పుడు కొన్న పిస్తోలు చాలా కాలం పనికివస్తుంది. ముందే కొన్నది మారుబేరానికి పోతుంది.

మరమ్మతు మాట

మనూ భాకర్‌కే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఏమయినదో ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. అర్హత పోటీ మధ్యలో పిస్తోలు మీట భాగం దెబ్బతిన్నది. బాగు చేయించుకొని వచ్చేసరికి విలువైన సమయం గడచిపోయింది. చివరకు ఆమె 12వ స్థానంలో నిలిచి ఫైనలుకు చేరలేకపోయింది. పక్కనే శిక్షకులు, విడి భాగాలు ఉన్నవారికే ఇంత చిక్కు వస్తే, విశాఖపట్నానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు చిన్న రబ్బరు వాషరు పోయినా నెలల తరబడి పిస్తోలు మూలపడుతుంది. కొనే ముందు విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయో, బాగు చేసేవారెవరో అమ్మేవాని చేత కాగితం మీద వ్రాయించుకోవాలి.

సిలిండరు పిస్తోలు పాతది కొనేవారు మరొకటి చూడాలి. సిలిండరుకు తయారీదారులు పదేళ్ల గడువు పెడతారు. తేదీ దాని మీదనే ఉంటుంది. గడువు దాటిన సిలిండరుతో పోటీకి వెళ్లరాదు, ఇంట్లో వాడడమూ ప్రమాదమే. పిస్తోలు చవకగా వచ్చిందని సంబరపడి తరువాత సిలిండరు కోసం తిరగడం కంటె ముందే ఆ తేదీ చదవడం మంచిది. సాయంత్రం గాలి నింపి ఉదయం మీటరు చూస్తే గాలి కారుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

గుండ్ల ఖర్చును కూడా చాలామంది లెక్క వేసుకోరు. రోజుకు 60 గుండ్లు, నెలకు 25 రోజులు కాలిస్తే 1500 గుండ్లు. 500 గుండ్ల డబ్బాలు మూడు కావాలి. ఇది ప్రతి నెలా ఉండే ఖర్చు. గుండ్లు సీసంతో చేసినవి గనుక కాల్చిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోనిదే అన్నం ముట్టరాదు.

ఊరికొక పిస్తోలు

ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఉన్నప్పుడు పల్లె పిల్లలకు ఈ ఆట అందని పండేనా? కాదని ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామం నిరూపించింది. బాగ్‌పత్ జిల్లాలోని ఆ పల్లెలో రాజ్‌పాల్ సింగ్ అనే ఆయన 1990ల చివర గ్రామంలోనే సాధన కేంద్రం పెట్టారు. 1999లో మనుమరాలిని అక్కడికి తీసుకువెళ్లిన చంద్రో తోమర్ అనే అరవై దాటిన అవ్వ తానే పిస్తోలు పట్టి పోటీల్లో గెలవడం, ఆమె తోటికోడలు ప్రకాశీ తోమర్ కూడా ఆమెను అనుసరించడం దేశమంతటికీ తెలిసిన కథ. 2019లో దాని మీద హిందీ సినిమా కూడా వచ్చింది. చంద్రో తోమర్ 2021లో కన్నుమూశారు. ఆ చుట్టుపక్కలనే బినౌలీ కేంద్రంలో నేర్చుకున్న సౌరభ్ చౌదరి అనే రైతు బిడ్డ 2018 ఆసియా క్రీడల్లో పదహారేళ్ల వయసులో ఎయిర్ పిస్తోలు స్వర్ణం గెలిచాడు. ఆ పల్లెల్లో ముందు వచ్చినది కేంద్రం. పతకాలు తరువాత వచ్చాయి.

కేంద్రమంటే కోట్లతో కట్టే భవనం అనుకోరాదు. ఎయిర్ పిస్తోలుకు కావలసినది పది మీటర్ల దూరం, ఒక్కొక్కరికి మీటరు వెడల్పు చోటు, గుండు వెనుకకు రాకుండా పట్టే పెట్టె, నేలకు 1.40 మీటర్ల ఎత్తున లక్ష్యం, దాని మీద మంచి వెలుతురు, కాల్చే సమయంలో ఎవరూ అడ్డు రాకుండా ఒకే తలుపు. బడిలో ఖాళీగా ఉన్న పొడవాటి గది ఒకటి చాలును. వ్యవసాయ మార్కెట్టు గోడౌనులో ఒక మూల చాలును. ఒక పిస్తోలును ఎనిమిది మంది పిల్లలు అరగంట చొప్పున పంచుకుంటే రోజుకు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఎనిమిది ఇళ్లలో ఎనిమిది లక్షలు పెట్టే బదులు ఒక చోట రెండు పిస్తోళ్లు, ఒక పంపు, వారానికి రెండు రోజులు వచ్చే శిక్షకుడు ఉంటే ఎక్కువ ప్రయోజనం. కుడిచేతి పిడి, ఎడమచేతి పిడి రెండూ ఉంచుకుంటే ఎవరికీ లోటు ఉండదు.

మన ప్రాంతపు సంగతి

నర్సీపట్నం ఏజెన్సీకి ముఖద్వారం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి అల్లూరి సీతారామరాజు తుపాకులు తీసుకుపోయిన చరిత్ర ఈ కొండలది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది. ఆ తరువాత కూడా నాటు తుపాకులు, తనిఖీలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అందుచేత ఇక్కడ ఒక కుర్రవాడు పిస్తోలు పెట్టెతో బస్సు ఎక్కితే పదిమంది పది విధాలుగా అనుకుంటారు. తల్లిదండ్రుల భయంలో న్యాయం ఉన్నది.

ఆ భయం పోయే మార్గం కూడా ఉమ్మడి కేంద్రమే. పిస్తోలు కేంద్రంలోనే తాళం కింద ఉంటుంది. ఎవరు తీశారు, ఎన్ని గుండ్లు కాల్చారు అన్నది పుస్తకంలో వ్రాస్తారు. స్థానిక పోలీసులకు ముందుగానే తెలియజేస్తే అనుమానాలకు తావుండదు. ఇంట్లో పిస్తోలు ఉంటే పిట్టల మీదికి, ఉడుతల మీదికి గురి పోవడం ఖాయం. అడవి జంతువులను, పక్షులను కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. కొండ పక్క పల్లెల్లో ఇది మరీ ముఖ్యం.

సర్టిఫికెట్టు వస్తుంది, క్రీడా కోటాలో సీటో ఉద్యోగమో వస్తుంది అన్న ఆశతో పిస్తోలు కొనేవారు కూడా ఉంటారు. గుర్తింపు గల రాష్ట్ర సంఘం ద్వారా జరిగే పోటీల్లో మార్కులు తెచ్చుకున్న వారికే పైమెట్టు. 60 గుండ్లు 75 నిమిషాల్లో కాల్చి 600కు ఎన్ని తెచ్చారన్నదే అక్కడ లెక్క. పిస్తోలు పేరు ఎవరూ అడగరు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడిన తరువాత జిల్లా క్రీడాధికారుల దృష్టికి తీసుకువెళ్లవలసిన పనుల్లో ఇది ఒకటి. నర్సీపట్నం డివిజను కేంద్రంలో ఒక పొడవాటి గది, రెండు పిస్తోళ్లు, ఒక శిక్షకుడు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పురపాలక సంఘం, కాలేజీల యాజమాన్యాలు, పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకున్నా జరిగే పని. ఈలోగా పిస్తోలు కోసం అప్పు చేయదలచుకున్న తల్లిదండ్రులు ఒక్క ఆరు నెలలు ఆగితే మంచిది. పిల్లవాని చేత నీళ్ల సీసా ఎత్తించండి. సెలవుల్లో నగరంలోని ఏదైనా మంచి కేంద్రానికి పంపి అక్కడి పిస్తోలుతో కాల్పించండి. ఆరు నెలల తరువాత కూడా వాడు తెల్లవారుజామున లేచి సాధనకు బయలుదేరుతుంటే, అప్పుడు వాని చెయ్యి కొలిపించి పిస్తోలు కొనండి. ఆ లక్ష వృథా పోదు.